ఛాయాస్తంభం – శ్రీ శాంతమూల మహారాజు

గుంటూరు నుండి సత్తెనపల్లి, పిడుగురాళ్ళ, గురజాల, రెంటచింతల మీదుగా మాచర్లకు సాగే దారికి ఇరువైపులా చలికాలం చివర రెండే రంగులు ప్రధానంగా కనిపిస్తాయి. పగిలిన కాయలలో నుండి తొంగిచూసే పత్తి తెలుపు ఒకటి, కల్లాలలో ఆరబోసిన మిరపకాయల ఎరుపు మరొకటి. పడమరకు పోయేకొద్దీ నల్లరేగడి పలుచబడి, నేలలో నుండి రాయి పైకి వస్తుంది. పిడుగురాళ్ళలో ఆ రాతిని బట్టీలలో కాల్చి సున్నం చేస్తారు. మాచర్లలో దానిని పలకలుగా కోసి నాపరాళ్ళని ఇండ్లలో పరుస్తారు. సుమారు పదునెనిమిది వందల ఏండ్లనాడు ఈ జాతి రాతిమీదనే ఇక్కడి శిల్పులు బుద్ధుని జీవితాన్ని చెక్కారు. ఒక రాజు జీవితాన్ని కూడా చెక్కారు. ఆ రాజు వాసిష్ఠీపుత్ర శ్రీ శాంతమూలుడు. ప్రాకృత శాసనాలలో ఆయన పేరు చాంతమూలుడని కనిపిస్తుంది. విజయపురిని రాజధానిగా చేసుకొని క్రీస్తుశకం 3వ శతాబ్దిలో కృష్ణానది దక్షిణతీరాన్ని ఏలిన ఇక్ష్వాకు వంశానికి ఆయన మూలపురుషుడు.

ఇంతటి రాజును గురించి గ్రంథాలు చెప్పినది అతిస్వల్పం. పురాణాలు ఆంధ్రరాజుల తరువాత శ్రీపర్వతీయాంధ్రులని ఒక వంశాన్ని పేర్కొని ఊరుకొన్నాయి. వారిలో ఒక్కరి పేరైనా చెప్పలేదు. ఏ కవీ ఆయన చరిత్రను కావ్యంగా వ్రాసినట్లు ఆధారం లేదు. ఆయన పాలనాకాలానికి చెందిన శాసనాలు కూడా వేళ్ళమీద లెక్కపెట్టదగినవి. ఆయన ఏలుబడిలో 5వ ఏట వేయించినది రెంటాలలోను, 13వ ఏట వేయించినది కేశానుపల్లిలోను దొరికాయి. రెండూ పలనాటి గ్రామాలే. ఆయన చేసిన యజ్ఞాలు, ఇచ్చిన దానాలు, కొలిచిన దైవం, ఆయన చెల్లెండ్రు, కుమారుడు, కుమార్తె, కోడండ్రు — ఈ వివరాలు మనకు తెలియడానికి ముఖ్యకారణం ఆయన ఇంటి స్త్రీలు. వారు తమ దానశాసనాలలో తమ బంధుత్వాన్ని చెప్పుకొంటూ ఆయన పేరును రాతిమీద నిలిపారు. ఒక మహారాజు చరిత్రను ఆయన ఆస్థానం కాక అంతఃపురం భద్రపరచడం మన దేశచరిత్రలో అరుదైన విషయం.

శాంతమూలుడు అధికారానికి వచ్చేనాటికి శాతవాహన సామ్రాజ్యం శిథిలమవుతున్నది. ఆ వంశపు చివరి రాజులలో ఒకడైన విజయశాతకర్ణి శాసనం నాగార్జునకొండ లోయలోనే లభించింది. అదే రాజు కాలపు సంస్కృత శాసనమొకటి 2019లో గుంటూరు జిల్లా చేబ్రోలులో వెలుగుచూసింది. పెద్ద మర్రి కూలినప్పుడు దాని ఊడలే మానులై నిలిచినట్లు, శాతవాహనుల కింద అధికారం నెరపిన కుటుంబాలు ఎక్కడికక్కడ స్వతంత్రించాయి. వాటిలో ఇక్ష్వాకులు ఒకరు. అయోధ్యను ఏలిన శ్రీరామచంద్రుని వంశనామమే వారిదీ. ఉత్తరాది నుండి వచ్చినవారా, ఇక్కడివారే ఆ గొప్ప పేరును ధరించారా అని పండితులు చాలాకాలం వాదించుకొన్నారు. వారి పేర్లు, వివాహసంబంధాలు చూస్తే ఈ నేల వాసనే ఎక్కువగా కనిపిస్తుంది.

మూడువైపుల నల్లమల కొండల గోడ, నాలుగవవైపు కృష్ణానది — ఇదీ విజయపురి ఉనికి. ప్రకృతి కట్టిన ఆ కోటలో శాంతమూలుడు రాజ్యాన్ని స్థాపించాడు. తన స్వాతంత్ర్యాన్ని లోకానికి చాటడానికి వైదిక సంప్రదాయం విధించిన మార్గాన్ని అనుసరించాడు. అగ్నిహోత్రం, అగ్నిష్టోమం, వాజపేయం, అశ్వమేధం అనే క్రతువులను ఆయన నిర్వహించినట్లు శాసనాలు చెబుతున్నాయి. అశ్వమేధం చేయగలిగినవాడు మరొక రాజుకు లోబడినవాడు కాడని ఆనాటి నమ్మకం. కోట ఆవరణలో బయల్పడిన ఇటుకల కట్టడాలను, మెట్లున్న కోనేటిని తవ్వకాలు జరిపినవారు ఆ యజ్ఞానికి సంబంధించినవిగా గుర్తించారు.

ఆయన ఇష్టదైవం మహాసేనుడు, అనగా కుమారస్వామి. కోట్లకొలది బంగారాన్ని, లక్షల గోవులను, లక్ష నాగళ్ళ నేలను దానం చేసినట్లు శాసనాలు ఆయనను ప్రశంసిస్తాయి. ఒక నాగలి దున్నగలిగిన నేలను హలమని కొలిచేవారు. లక్ష హలాలంటే పలనాడంతా చాలదేమో! దాతను కీర్తించేటప్పుడు సంఖ్యలు పెరగడం శాసనభాషకు సహజమే. అయినప్పటికీ ఈ ప్రశంసలో గమనింపదగిన అంశం ఒకటున్నది. బంగారం, పశువులు, దుక్కినేల — ఈ మూడూ ఆనాటి ఐశ్వర్యానికి కొలబద్దలు. నల్లరేగడి విలువ అప్పటికే తెలిసిన రాజ్యమది. నేడు గుంటూరుకు మారుపేరైన మిరప మాత్రం ఆనాటి రైతుకు తెలియదు. అమెరికా ఖండంలో పుట్టిన ఆ మొక్క సముద్రాలు దాటి మన దేశానికి వచ్చినది 16వ శతాబ్దిలోనే.

శాంతమూలుని కుటుంబం పెద్దది. తల్లి వాసిష్ఠీగోత్రానికి చెందినది కనుక ఆయన వాసిష్ఠీపుత్రుడు. ఆయన కుమారుడు వీరపురుషదత్తుడు తన తల్లి గోత్రాన్నిబట్టి మాఠరీపుత్రుడు. తండ్రి నుండి సింహాసనాన్ని పొందినా తల్లి పేరుతో తనను చెప్పుకోవడం శాతవాహనుల నాటినుండి వస్తున్న మర్యాద. శాంతమూలుని సోదరీమణులలో చాంతిసిరి, హమ్మసిరి అనేవారు శాసనాల వలన మనకు బాగా తెలిసినవారు. హమ్మసిరి కుమార్తెలు బాపిసిరి, ఛఠిసిరి. వారిద్దరినీ వీరపురుషదత్తుడు వివాహమాడాడు. మేనత్త కూతుళ్ళను చేసుకోవడం మన ఇండ్లలో ఎంత పాతదో తెలుసుకోవడానికి ఇంతకంటె దృఢమైన సాక్ష్యం అక్కరలేదు. శాంతమూలుని కుమార్తె అడవి చాంతిసిరిని ధనక వంశానికి చెందిన ఒక మహాసేనాపతికి ఇచ్చారు. ఉజ్జయిని నుండి వచ్చిన రుద్రధరభట్టారిక కూడా ఈ ఇంటి కోడలే.

వీరందరిలో చాంతిసిరి వ్యక్తిత్వం విశిష్టమైనది. ఆమె భర్త పూకీయ వంశీయుడైన మహాతలవరుడు స్కందశ్రీ. అన్న వైదిక క్రతువులకు ఖ్యాతికెక్కగా చెల్లెలు బౌద్ధాన్ని ఆదరించింది. వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో విజయపురి మహాచైత్యం ఆమె దానంతో పూర్తయింది. చక్రంలోని ఆకుల వలె లోపల గోడలు కట్టి, నడుమ మట్టి నింపి, పైన అండాన్ని నిర్మించిన గొప్ప స్తూపమది. ఆనందుడనే భిక్షువు ఆ పనిని పర్యవేక్షించాడు. తన పుణ్యఫలాన్ని పుట్టినింటికి, మెట్టినింటికి సమానంగా పంచుతూ ఆమె శాసనం వేయించింది. అందులో తాను ఎవరి చెల్లెలో చెప్పే సందర్భంలో అన్న చేసిన యజ్ఞాలన్నింటినీ పేరుపేరునా పేర్కొన్నది. ఇతర రాణులు కూడా అదే పద్ధతిని పాటించారు. బుద్ధుని స్తూపానికి నిలిపిన స్తంభాలమీద అశ్వమేధం చేసిన రాజు కీర్తి నిలిచింది! వేరొకచోట చాంతిసిరి వీరపురుషదత్తుని తన అల్లునిగా చెప్పుకొన్నది. మేనల్లుడినీ, కూతురి భర్తనూ కూడా అల్లుడనే పిలిచే మనకు ఆ మాట వింతగా తోచదు.

ఈ సందర్భంలో విజయపురి స్తంభాలను గురించి కొంత తెలుసుకోవాలి. ఆ లోయలో ఒకే కాలంలో మూడు విధాల స్తంభాలు వెలిశాయి. మొదటిది యజ్ఞశాలలోని యూపం. అశ్వమేధానికి ఇరవై ఒక్క యూపాలు నాటాలని, వాటిని మారేడు, చండ్ర, మోదుగ మొదలైన చెట్ల నుండి మలచాలని శ్రౌతగ్రంథాలు విధించాయి. కొయ్యతో చేసినవి కనుక అవి మిగలలేదు. రెండవది ఆయకస్తంభం. ఆంధ్రదేశపు స్తూపాలకు నాలుగు దిక్కులా వేదికలు కట్టి, ఒక్కొక్క వేదికమీద అయిదేసి స్తంభాలు నిలిపేవారు. బుద్ధుని జననం, మహాభినిష్క్రమణం, జ్ఞానోదయం, ధర్మచక్రప్రవర్తనం, మహాపరినిర్వాణం అనే అయిదు ఘట్టాలకు అవి గుర్తులు. చాంతిసిరి మొదలైన రాణుల దానశాసనాలు వీటిమీదనే ఉన్నాయి. మూడవది ఛాయాస్తంభం. ప్రాకృతంలో దానిని ఛాయాఖంభమన్నారు. యూపం క్రతువుకు, ఆయకస్తంభం భగవానునికి చెందగా ఛాయాస్తంభం చనిపోయిన ఒక మనిషికి చెందింది.

ఛాయ అనగా నీడ, ప్రతిబింబం. మనిషి పోయిన తరువాత ఆయన నీడను రాతిలో నిలపడం ఛాయాస్తంభ ప్రయోజనం. ఆధునిక కాలంలో మనవారు ఫోటోకు ఛాయాచిత్రమని పేరు పెట్టినప్పుడు ఈ విజయపురి మాట వారి మనసులో ఉన్నదో లేదో గాని, అర్థం మాత్రం చక్కగా కలిసింది.

శ్రీ శాంతమూలుని ఛాయాస్తంభాన్ని ఆయన కుమారుని 20వ పాలనా సంవత్సరంలో నిలిపారు. నిలిపినది కుమారుడు కాదు, మంత్రులు కాదు. శాంతమూలుని తోబుట్టువులు, తల్లులు, రాణులు కలిసి దానిని నిలిపారని ఆ స్తంభశాసనం చెబుతున్నది. వారి పేర్లు వరుసగా చెక్కి ఉన్నాయి. తల్లులని బహువచనంలో ఉండటం చేత కన్నతల్లితోపాటు సవతితల్లులు కూడా అందులో చేరినట్లు భావించవచ్చు. ఎదిగి, రాజ్యాన్ని స్థాపించి, అశ్వమేధం చేసిన కుమారుడు తమ కన్న ముందు కన్నుమూయగా, ఆయన జ్ఞాపకార్థం రాయి నాటించిన తల్లులు వారు. శాసనభాష దుఃఖాన్ని చెప్పదు, పేర్లను మాత్రమే చెబుతుంది. ఎవరి పేరు ముందు, ఎవరి పేరు తరువాత అన్న క్రమంలో ఆ ఇంటి మర్యాద ఉన్నది. ఒక్కరినీ విడువకుండా చెక్కించాలన్న పట్టుదలలో వారి మనసు ఉన్నది.

ఆ స్తంభం ముఖాన్ని శిల్పి కింది నుండి మీదికి అంతస్తులుగా విభజించాడు. ఒక్కొక్క అంతస్తు ఒక్కొక్క దృశ్యం. రాజు దానధార పోస్తున్న సన్నివేశం, ఏనుగునెక్కి సాగే సన్నివేశం, అంతఃపురస్త్రీల నడుమ ఆసీనుడైన సన్నివేశం అందులో ఉన్నాయి. యుద్ధానికి అక్కడ ప్రాధాన్యం లేదు. రాజ్యస్థాపకుని జీవితంలో కత్తికి చోటు లేకుండా ఉండదు కదా! కాని స్తంభాన్ని వేయించినవారు చూసిన రాజు వేరు. వారికి ఆయన ఇచ్చే చేయి తెలుసు. ఊరేగి వచ్చే వైభవం తెలుసు. తమ మధ్య తీరికగా కూర్చున్నప్పటి ముఖం తెలుసు. వారు ఎంచుకొన్న ఘట్టాలే మనకు శాంతమూలుని జీవితచరిత్రగా మిగిలాయి.

ఇటువంటి స్తంభాన్ని చెక్కడం సామాన్యమైన పని కాదు. పలనాటి సున్నపురాయి పొరలుపొరలుగా ఉంటుంది. పొర ఎటు పోతున్నదో ఎరిగి, పగులు లేని బండను ఎంచి, గని నుండి దొలిపించాలి. అప్పుడే తీసిన రాతిలో చెమ్మ ఉండి ఉలికి లొంగుతుంది. ఆరినకొద్దీ గట్టిపడుతుంది. రేణువు సన్నగా ఉన్నందున ముత్యాలసరాలు, చీరె మడతలు, కంటిరెప్పల వంటి సూక్ష్మాలు కూడా అందులో నిలుస్తాయి. చూడడానికి పాలరాయి వలె ఉండటం చేత తొలినాటి పాశ్చాత్యులలో కొందరు దీనిని అట్లే పొరబడ్డారు. ముందుగా గీతలతో రూపాలను గుర్తించి, నేపథ్యాన్ని తొలిచి, బొమ్మలను ఉబ్బెత్తుగా నిలిపేవారు. చివర లేఖకుడు వ్రాసి ఇచ్చిన అక్షరాలను చెక్కేవారు. ఇక్ష్వాకుల కాలపు బ్రాహ్మీలిపిలో నిలువుగీతలు తీగల వలె సాగి వంపులు తిరుగుతాయి. చదువరాని వానికి కూడా ఆ వరుస ఒక అలంకారంగా కనిపిస్తుంది.

శిల్పులను ఆనాడు ఆవేసనులనేవారు. వారు అనామకులు కారు. శాంతమూలుని స్తంభం నిలిచిన 20వ పాలనా సంవత్సరంలోనే, కృష్ణకు ఆవలి ఒడ్డున జగ్గయ్యపేట స్తూపానికి సిద్ధార్థుడనే ఆవేసని తూర్పుద్వారాన అయిదు ఆయకస్తంభాలను దానం చేశాడు. అతని తండ్రి నాగచంద్రుడు కూడా ఆవేసనియే. స్వగ్రామం కమ్మరాష్ట్రంలోని నడతూరు. కమ్మరాష్ట్రం అనగా నేటి గుంటూరు, ప్రకాశం జిల్లాల మైదానభాగం. తన తల్లి, భార్య, సంతానం పేర్లను అతడు శాసనంలో చెక్కించాడు. రాణులు తమ ఇంటివారి పేర్లను చెప్పిన విధంగానే ఉలి పట్టిన చేయి కూడా తన ఇంటివారిని చెప్పుకొన్నది. ప్రకాశం జిల్లా ఉప్పుగుండూరులో దొరికిన వీరపురుషదత్తుని 19వ ఏటి శాసనం కూడా ఈ మైదానంలో ఆ రాజ్యం పాదుకొని ఉన్నదనడానికి నిదర్శనం.

చనిపోయినవారి కోసం బంధువులు స్తంభం నిలపడం, దానిమీద అంతస్తులుగా బొమ్మలు చెక్కడం మన దేశానికే పరిమితమైన ఆచారం కాదు. మన మిరప పుట్టిన అమెరికా ఖండానికే ఉత్తరాన, పసిఫిక్ మహాసముద్ర తీరాన హైదా, ట్లింగిట్, నిస్గా మొదలైన ఆదివాసీ జాతులున్నాయి. వారు ఎర్ర దేవదారు మానును నిలువునా చెక్కి, కాకోలం, గద్ద, ఎలుగుబంటి, తిమింగలం వంటి రూపాలను ఒకదానిమీద ఒకటిగా నిలుపుతారు. ఇంగ్లీషులో వాటిని టోటెమ్ పోల్స్ అంటారు. వాటిని చూసిన తొలి మతప్రచారకులు విగ్రహారాధనగా భావించి నిరసించారు. అది పొరపాటు. ఆ రూపాలు పూజించే దేవతలు కావు. అవి ఆయా వంశాల చిహ్నాలు. ఏ వంశం ఏ కథకు వారసురాలో, ఎవరి జ్ఞాపకార్థం స్తంభం లేచిందో అవి తెలియజేస్తాయి. స్తంభాన్ని ఎత్తేరోజున బంధువులను, అన్య వంశాలవారిని పిలిచి గొప్ప విందు చేసి కానుకలు పంచుతారు. వచ్చినవారు కానుక పుచ్చుకొన్నారంటే స్తంభం చెప్పే విషయానికి సాక్షులైనారని అర్థం. పాట్లాచ్ అనే ఆ విందును కెనడా ప్రభుత్వం 1885 నుండి 1951 వరకు నిషేధించింది.

నిస్గా జాతిలో వంశం తల్లి వైపు నుండి వస్తుంది. 1860 ప్రాంతంలో జోవానా మూడీ అనే స్త్రీ, నాయకుడు కావలసి యుద్ధంలో మరణించిన తన వంశపు వీరుని కోసం పదకొండు మీటర్ల స్మారకస్తంభాన్ని చెక్కించింది. 1929లో ఊరివారు చేపలవేటకు వెళ్ళిన కాలంలో దానిని తీసుకుపోయి స్కాట్లండులోని మ్యూజియానికి అమ్మారు. ఆ వంశీయులు పట్టువిడువక అడగగా 2023లో అది విమానంలో సొంతలోయకు తిరిగివచ్చింది. ఆ స్తంభంమీద ఒక్క అక్షరం కూడా లేదు. అయినా అది ఎవరిదో, ఎందుకు లేచిందో చెప్పగల మనుమలు, మునిమనుమలు ఉన్నారు. దేవదారు మాను వంద, నూటయాభై ఏండ్లలో శిథిలమవుతుంది. కూలినదానిని కూలనిచ్చి, అవసరమైతే మరొకటి చెక్కుకోవడం వారి పద్ధతి. కథ మనుషులలో ఉన్నది కనుక కొయ్య పోయినా వారు భయపడరు.

విజయపురిలో జరిగినది ఇందుకు విరుద్ధం. రాయి నిలిచింది, పేర్లు నిలిచాయి, వాటిని తమవిగా చెప్పుకొనే వంశం నిలవలేదు. వీరపురుషదత్తుని తరువాత ఆయన కుమారుడు ఎహువల శాంతమూలుడు రాజైనాడు. మనుమనికి తాతపేరు పెట్టుకొనే మన అలవాటు ఆ ఇంటిలోనూ ఉన్నది. ఆయన కాలంలో విజయపురిలో దేవాలయాలు లేచాయి, శాసనభాషగా సంస్కృతం ప్రవేశించింది. ఆయన కుమారుడు రుద్రపురుషదత్తుడు. అతని 11వ పాలనా సంవత్సరంలో అతని తల్లి మహాదేవి వమ్మభటకు ఛాయాస్తంభం లేచింది. ఆమె ఒక మహాక్షత్రపుని కుమార్తె. పురుషులకు స్త్రీలు నిలిపిన స్తంభాల సంప్రదాయంలో స్త్రీకి కూడా నీడ దక్కింది. రాజకుటుంబానికే కాక సేనానులకు, ఇతరులకు కూడా లోయలో ఛాయాస్తంభాలు నిలిచాయి. 4వ శతాబ్దిలో పల్లవుల విజృంభణతో ఇక్ష్వాకుల ప్రాభవం అంతరించింది. విహారాలు పాడుపడ్డాయి. క్రమంగా ఆ లిపిని చదివేవారు లేకుండాపోయారు. కాని పలనాటిలో వీరులకు రాయి నాటే ఆచారం చావలేదు. కారెంపూడి వీరుల గుడిలో నేటికీ కార్తీక అమావాస్యకు పలనాటి వీరులను ఆరాధిస్తున్నారు.

1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే ఉపాధ్యాయుడు ఆ లోయలోని పురాతన స్తంభాన్ని గమనించి ప్రభుత్వానికి తెలిపాడు. మద్రాసు శాసన పరిశోధన కార్యాలయంలో తెలుగు సహాయకుడైన రంగస్వామి సరస్వతి వచ్చి పరిశీలించాడు. పుల్లారెడ్డిగూడెం అనే చిన్న పల్లె చుట్టూ అడవిలో మహానగరం శిథిలమై పడి ఉన్నదని అప్పుడు వెల్లడైంది. 1927 నుండి 1931 వరకు లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు జరిపాడు. బయల్పడిన ప్రాకృత శాసనాలను డచ్చి పండితుడు ఫోగెల్ చదివి ప్రకటించాడు. పదహారు వందల ఏండ్ల తరువాత శాంతమూలుని తల్లులు, చెల్లెండ్రు, రాణుల పేర్లను మళ్ళీ ఒక మనిషి నోటితో పలికాడు. వారి భాష, వారి దేశం అతనివి కావు.

అంతలో మరొక పరీక్ష వచ్చింది. నందికొండ వద్ద కృష్ణకు ఆనకట్ట కట్టడానికి నిర్ణయం జరిగింది. 1955 డిసెంబరు 10న ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేశారు. లోయ మునగక తప్పదు. ఆకలితో ఉన్న దేశానికి నీరు ముఖ్యమా, పాతరాళ్ళు ముఖ్యమా అన్న ప్రశ్నకు సమాధానం సులభమైనదే కావచ్చు, కాని ఆ సమాధానం చెప్పినవారు రాళ్ళను తేలికగా విడిచిపెట్టలేదు. 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయనంతటినీ తవ్వి పరిశోధించారు. తొమ్మిది కట్టడాలను ఇటుక ఇటుకగా విప్పి కొండపైకి చేర్చి మళ్ళీ నిర్మించారు. మరికొన్నింటికి నమూనాలను ఒడ్డున అనుపు వద్ద కట్టారు. శిల్పాలకు, శాసనాలకు కొండమీద మ్యూజియం ఏర్పడింది. పుల్లారెడ్డిగూడెం ప్రజలు ఊరు విడిచి వెళ్ళారు. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. కుడికాలువకు జవహర్ కాలువ అని పేరు. శాంతమూలుడు అశ్వమేధం చేసిన నేలమీద నిలిచిన నీరు ఆ కాలువ ద్వారా గుంటూరు, ప్రకాశం జిల్లాల పొలాలకు పారుతున్నది.

కొండ ఇప్పుడు జలాశయం నడుమ ద్వీపం. 2022లో జిల్లాల పునర్విభజన తరువాత అది పల్నాడు జిల్లాలో చేరింది. ఒడ్డు నుండి లాంచీలో వెళ్ళేవారు శాంతమూలుని కోటమీదుగా, ఆయన చెల్లెలు కట్టించిన స్తూపం ఒకప్పుడు నిలిచిన చోటు మీదుగా ప్రయాణించి, చెక్కిన రాళ్ళున్న మ్యూజియం మెట్ల వద్ద దిగుతారు.